టౌన్ మీటింగా, ఎస్‌బీ2 బ్యాలెట్టా? న్యూ హాంప్‌షైర్ చిన్న ఊళ్లకు ఏది మేలు

మార్చి దగ్గరపడిందంటే న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "ఈసారి వారంట్‌లో ఎస్‌బీ2 ఆర్టికల్ పెట్టారండీ, యెస్ అనాలా, నో అనాలా?" టౌన్ మీటింగ్ అంటే ఊరి ఓటర్లు ఏడాదికోసారి హాల్లో కూడి బడ్జెట్ తేల్చుకునే పాతపద్ధతి. వారంట్ దాని ఎజెండా, అందులో ఒక్కో అంశం ఒక ఆర్టికల్. ఎస్‌బీ2 (సెనేట్ బిల్ 2) ఆ తుది ఓటును హాల్లోంచి బ్యాలెట్‌కు మారుస్తుంది. అక్కడ జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, సేల్స్ టాక్సూ లేదు. బడి, రోడ్లు, ఫైర్ స్టేషన్ భారం చాలావరకు ప్రాపర్టీ టాక్స్ మీదే పడుతుంది. అందుకే ఈ ఒక్క ఆర్టికల్‌కి అంత చర్చ.

ఊరు ఎర్రదా (రిపబ్లికన్), నీలిదా (డెమోక్రటిక్) అని చూసి సలహా చెప్పేవాళ్లు ఎక్కువ. అది దారి తప్పించే లెక్క. నవంబర్‌లో ఊరు ఎటు మొగ్గిందో మార్చిలో హాల్లో కూర్చున్నవాళ్లు అటే మొగ్గాలని లేదు. ఇందుకు క్రాయ్‌డన్‌ను మించిన ఉదాహరణ లేదు. జనాభా 800 దాకా, నమోదైన ఓటర్లు 565 దాకా ఉన్న ఊరు. 2022 మార్చిలో పాతపద్ధతి స్కూల్ మీటింగ్‌లో ఒకాయన లేచి, 17 లక్షల డాలర్ల బడి బడ్జెట్‌ను 8 లక్షలకు తగ్గించాలని సవరణ పెట్టారు. 20–14తో నెగ్గింది. అంటే ఓటర్లలో నాలుగు శాతం కూడా లేని మంది బడి డబ్బును సగానికి పైగా కోసేశారు. ఊళ్లో బడి చిన్నపిల్లలకే. పెద్ద తరగతులవాళ్లు పక్క ఊళ్లకు వెళ్తారు, వాళ్ల ఫీజు క్రాయ్‌డనే కట్టాలి. అది బేరమాడి తగ్గించుకునే ఖర్చు కాదు.

తిరగదోడాలంటే ప్రత్యేక సమావేశం పెట్టాలి. దానికి నమోదైన ఓటర్లలో కనీసం సగం మంది వచ్చి ఓటెయ్యాలి, అంటే 283 మంది. ఇలాంటప్పుడు కోత కావాలనుకున్నవాళ్లు హాలుకు రావక్కర్లేదు, ఇంట్లో కూర్చుంటే చాలు. అయినా మే నెలలో 379 మంది వచ్చారు. 377–2తో పాత బడ్జెట్ నిలిచింది. రెండు నెలల్లో ఊరి రాజకీయం మారలేదు, వచ్చిన జనం మారారు.

ఇప్పుడు ఎస్‌బీ2 సంగతి. 1995 నాటి ఈ చట్టం మీటింగ్‌ను రెండు ముక్కలు చేస్తుంది. జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో డెలిబరేటివ్ సెషన్, అక్కడ చర్చించి అంకెలు సవరిస్తారు. మార్చి రెండో మంగళవారం బ్యాలెట్, ఇక్కడ యెస్ లేదా నో మాత్రమే. రోజంతా పోలింగ్, పైగా ఆబ్సెంటీ బ్యాలెట్ (పోలింగ్‌కు రాలేనివాళ్లు ముందే ఓటు పంపే) సౌకర్యం. హాలు మీటింగ్‌లో చెయ్యెత్తడానికి అది కుదరదు. నైట్ షిఫ్టువాళ్లకు, పసిపిల్లల తల్లులకు ఇది పెద్ద తేడా. ఓట్లు పెరుగుతాయన్న మాటా నిజమే.

అయితే అంకెను మార్చేది బ్యాలెట్ కాదు, డెలిబరేటివ్ సెషన్. దానికి వచ్చేది గుప్పెడు మంది. ఫైర్ ట్రక్కు ఆర్టికల్‌ను అక్కడే ఒక డాలరుకు సవరిస్తే, మార్చిలో వేలమంది ఓటేసినా ఆ ఒక్క డాలరుకే. ఆర్టికల్ విషయాన్నే తీసెయ్యకూడదని చట్టం అంటుంది గానీ మొత్తాన్ని తగ్గించడం వేరే సంగతి.

నా దృష్టిలో ఓట్ల సంఖ్య కంటే డిఫాల్ట్ బడ్జెట్టే తేల్చే అంశం. ఎస్‌బీ2 ఊళ్లో ఆపరేటింగ్ బడ్జెట్ ఓడిపోతే ఖజానా ఖాళీ కాదు. నిరుటి బడ్జెట్‌కు ఒప్పందాలు, చట్టం తప్పనిసరి చేసిన ఖర్చులు సర్దుబాటు చేసిన మొత్తం అమల్లోకి వస్తుంది. క్రాయ్‌డన్‌లో ఇదే ఉండుంటే, 8 లక్షల సవరణ నెగ్గినా మార్చి బ్యాలెట్‌లో జనం నో అని నిరుటి స్థాయి నిలుపుకునేవారు. ఆ మే నెల పరుగు అవసరమే పడేది కాదు.

దీంట్లో ఒక మెలిక. ఆర్టికల్‌లోనే రెండు అంకెలు అచ్చువేస్తారు: ప్రతిపాదించిన మొత్తం, ఓడితే వచ్చే డిఫాల్ట్. కొన్నేళ్లు డిఫాల్టే ఎక్కువ ఉంటుంది. పన్ను తగ్గుతుందని నో కొట్టినవాళ్లు ఆ ఏడు ఎక్కువ కడతారు. మొదటి అంకె చూసి పెన్ను పెట్టొద్దు. డిఫాల్ట్ రక్షణ ఆపరేటింగ్ బడ్జెట్‌కే గానీ విడి ఆర్టికల్స్‌కు లేదు.

పాతపద్ధతిని తీసిపారేయలేం. ప్రశ్న అడిగితే ఊరి పాలకవర్గమైన సెలెక్ట్‌బోర్డు అక్కడికక్కడే జవాబు చెప్పాలి, విన్నాక మనసు మార్చుకోవచ్చు. పోస్టులో వచ్చిన బ్యాలెట్ కాగితం ఆ పని చెయ్యదు. బాండ్ (ఊరు తీసుకునే దీర్ఘకాలిక అప్పు) ఆమోదానికి పాతపద్ధతిలో మూడింట రెండొంతులు కావాలి, ఎస్‌బీ2లో ఐదింట మూడొంతులు చాలు. పాతపద్ధతి ఉన్న ఊళ్లో రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఇరుగుపొరుగు ముందు చెయ్యెత్తడం ఇబ్బందైతే, ఓటింగ్‌కు ముందే ఐదుగురు ఓటర్లు రాతపూర్వకంగా అడిగితే రహస్య బ్యాలెట్ పెట్టాలి. కావలసిన ఆర్టికల్ నెగ్గగానే పునఃపరిశీలనను పరిమితం చేసే తీర్మానం పెట్టించండి. లేదంటే చీకటిపడి జనం ఇళ్లకు వెళ్లాక దాన్ని మళ్లీ తెరిచే ప్రమాదం ఉంది.

కాబట్టి 200 మంది కచ్చితంగా వచ్చే చిన్న ఊరైతే పాతపద్ధతి వదులుకోమనను. హాలు ఖాళీగా ఉండే ఊళ్లో మాత్రం ఎస్‌బీ2కే నా ఓటు, కానీ డెలిబరేటివ్ సెషన్‌కు వెళ్తేనే. తేవాలన్నా తీసెయ్యాలన్నా ఐదింట మూడొంతులు కావాలి కనక ఏదో ఒక ఏడు సరదాగా ప్రయోగించి చూసేది కాదు.

మిగతావి క్లుప్తంగా. నాషువా నగరం, అక్కడ ఆల్డర్మెన్ (ఎన్నికైన నగర సభ సభ్యులు) ఉంటారు, ఈ చర్చే లేదు. మసాచుసెట్స్ లెక్సింగ్టన్‌లా ప్రతినిధులను ఎన్నుకునే టౌన్ మీటింగ్ పెద్ద ఊళ్లకు సరిపోతుంది, మన ప్రశ్నకు కాదు.

గ్రీన్‌కార్డు, హెచ్‌1బీ వాళ్లు పన్ను కట్టినా ఓటెయ్యకూడదు. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు ఎన్నికల రోజే పేరు నమోదు చేయించుకోవచ్చు గానీ, 2024 నవంబర్ తర్వాత అమల్లోకి వచ్చిన చట్టంతో పౌరులమేనని రాసిచ్చే అఫిడవిట్ చెల్లదు. అమెరికా పాస్‌పోర్టో నాచురలైజేషన్ సర్టిఫికెట్టో, దానితోపాటు చిరునామా రుజువూ చేతిలో ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే పట్టుకెళ్తే వెనక్కి పంపొచ్చు. వీలైతే జనవరిలోనే టౌన్ క్లర్క్ దగ్గర ఆ పని ముగించుకోండి.