కరెంటు పోయి వచ్చే ఊళ్లో ఉప్పునీటి అక్వేరియానికి ఏ ఓవర్‌ఫ్లో మేలు?

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా అమర్చుకునేవారు పై తొట్టె నుంచి కింది సంపులోకి (నీటిని శుభ్రం చేసే రెండో తొట్టెలోకి) నీరు దింపే పద్ధతిని, అంటే ఓవర్‌ఫ్లోను, ఎక్కువగా చప్పుడును బట్టి ఎంచుకుంటారు. ఆ నీటిని సంపులోని పంపు మళ్లీ పైకి తోస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈదురుగాలి వచ్చి కరెంటు పోయి, ఇంట్లో ఎవరూ లేని వేళ తిరిగి వస్తే, ఆ పైపులు మనిషి చేయి పడకుండా తమంతట తాము మళ్లీ పనిచేస్తాయా? నాలుగు పద్ధతులను ఈ కొలతతోనే తూచి చూద్దాం.

ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పని లెక్క ఒకటి ముందుగా చూసుకోవాలి. పంపు ఆగగానే పై తొట్టెలోని నీరు ఓవర్‌ఫ్లో అంచు వరకు కిందికి దిగుతుంది. పంపు నీటిని పైకి తెచ్చే రిటర్న్ పైపు మూతి నీటిలో లోతుగా మునిగి ఉంటే, అదే పైపు వెనక్కి సైఫనై, మూతి గాలికి తేలేదాకా నీటిని లాగేస్తుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టెలో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు, ఐదు సెంటీమీటర్లు తగ్గితే 27 లీటర్లు దిగుతాయి. ఓవర్‌ఫ్లో పెట్టెలోను, పైపుల్లోను నిలిచి ఉన్న నీరు దీనికి అదనం. సంపులో అంత ఖాళీ లేనప్పుడు నేల తడవడానికి ఓవర్‌ఫ్లో పద్ధతిని నిందించి లాభం లేదు. రిటర్న్ మూతిని నీటి మట్టానికి దగ్గరగా పెట్టి, మట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం వేస్తే వెనక్కి లాగడం త్వరగా తెగిపోతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోతుంది కనుక అప్పుడప్పుడు శుభ్రం చేయాలి. నీటిని ఒకే వైపు పోనిచ్చే చెక్ వాల్వును మాత్రమే నమ్ముకోవడం మంచిది కాదు. ఉప్పు, నాచు పట్టిన వాల్వు పూర్తిగా మూసుకోదు.

గాజుకు రంధ్రం చేయకుండా వెనుక అంచుకు తగిలించే సైఫన్ పెట్టె చవక, అమర్చడం సులువు. దాని బలహీనత వంపు గొట్టం పైభాగంలో ఉంది. నీటితో వచ్చే గాలి బుడగలు అక్కడ చేరి పెరిగి చివరకు సైఫన్‌ను తెంచేస్తాయి. అప్పుడు దిగే నీరు ఆగినా పంపు పైకి తోయడం ఆపదు, తొట్టె పొర్లుతుంది. ఇప్పటికే నీరు నింపేసిన తొట్టె అయితే వేరే దారి లేక దీనిని వాడవచ్చు. అప్పుడు సంపులో పంపు ఉండే గదిలోని మొత్తం నీరు పైకి వెళ్లినా తొట్టె అంచు దాటనంత తక్కువగా ఉంచాలి. కొత్తగా చేయించుకునేవారు దీని జోలికి పోనక్కరలేదు.

డర్సో పద్ధతిలో ఒకే నిలువు పైపు ఉంటుంది, దాని తలపై గాలి రంధ్రం ఉంటుంది. కరెంటు వచ్చాక తానే మొదలవుతుంది, అది మెచ్చుకోవలసిన గుణం. గాలి, నీరు కలిసి దిగడం వల్ల గుడగుడ శబ్దం వస్తుంది, సంపులో సన్న బుడగలు పుడతాయి. గాలి రంధ్రం మరీ చిన్నదైతే పైపు ఉండుండి ఫ్లష్ ట్యాంకులా ఒక్కసారిగా నీటిని మింగుతుంది. రంధ్రాన్ని కొంచెం పెంచడమో, పంపు వేగం తగ్గించడమో దానికి మందు. అసలు లోపం వేరే ఉంది: నత్త ఒకటి పైపులో ఇరుక్కుంటే నీటికి మరో దారి లేదు.

హెర్బీ పద్ధతిలో పైపులు రెండు. మొదటి దానిలో గాలి లేకుండా నిండుగా, అంటే సైఫన్‌గా, నీరు దిగుతుంది, దాని వేగాన్ని వాల్వుతో సరిచేస్తాం. రెండవది కాస్త ఎత్తుగా ఖాళీగా ఉండి ఆపదలో ఆదుకుంటుంది. బీన్ యానిమల్ పద్ధతిలో ఈ రెంటి మధ్య మూడవది కొద్దిపాటి నీటిని మోస్తూ, మట్టంలోని చిన్న మార్పులను తానే సర్దుకుంటుంది. నీరు మరీ పెరిగితే దాని గాలి గొట్టం మునిగి, అది కూడా సైఫన్‌గా మారుతుంది. భద్రతలో బీన్ యానిమల్‌దే పైచేయి. అయితే దానికి మూడు రంధ్రాలు, పెద్ద పెట్టె కావాలి. దుకాణంలో రెండు రంధ్రాలతో సిద్ధంగా దొరికే తొట్టెకు, రెండింటినీ నీరు దిగడానికే వాడి, రిటర్న్ పైపును వెనుక అంచు మీదుగా తెచ్చుకుంటే హెర్బీ అయిపోతుంది. మూడు నాలుగు అడుగుల తొట్టెకు నేను దీనినే సిఫారసు చేస్తాను. తొట్టెను కొత్తగా చేయించుకుంటూ, రంధ్రాలు వేసే గాజు టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచినది) కాదని తేల్చుకున్నవారు బీన్ యానిమల్‌కే వెళ్లాలి. టఫెన్డ్ గాజుకు డ్రిల్లు పెడితే ముక్కలవుతుంది.

ఈ రెండు పద్ధతుల్లోనూ కరెంటు వచ్చాక సైఫన్ మొదలు కాకపోవడానికి తరచు కనిపించే కారణం, ఆ పైపు చివర సంపు నీటిలో మరీ లోతుగా మునగడం. లోపల చిక్కిన గాలి బయటికి పోలేదు. చివరను రెండున్నర సెంటీమీటర్లకు మించి ముంచకుండా, అడ్డంగా సాగే పైపును తగ్గించి, 90 డిగ్రీల ఎల్బోల బదులు 45 డిగ్రీలవి వాడితే మొదట కొద్దిసేపు గుడగుడలాడి తానే సర్దుకుంటుంది.

వాల్వు విషయంలో ఒక హెచ్చరిక. బాల్ వాల్వుతో సన్నగా సరిచేయడం కష్టం కనుక గేట్ వాల్వు కావాలి, కానీ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగగానే చేతికిచ్చేది తరచు ఇత్తడిది. ఇత్తడిలోని రాగి ఉప్పునీటిలోకి దిగితే పగడాలకు, రొయ్యలకు విషం. ఆలస్యమైనా పీవీసీ గేట్ వాల్వునే తెప్పించుకోవాలి.

ఉప్పు కలపక ముందే మంచినీటితో రెండు పరీక్షలు చేయాలి. పంపు నడుస్తుండగా సైఫన్ వాల్వును పూర్తిగా మూసి, మిగిలిన పైపు ఒక్కటే మొత్తం నీటిని మోయగలదో లేదో చూడాలి. మోయలేకపోతే పంపు వేగం తగ్గించాలి. తర్వాత వాల్వును మళ్లీ సరిచేసి, స్విచ్చి ఆపి, నీరంతా దిగి నిలకడ అయ్యాక సంపుపై ఆ మట్టాన్ని గుర్తు పెట్టి, మళ్లీ వేసి, వాల్వును తాకకుండా పై మట్టం పాత చోటికి వచ్చేదాకా గమనించాలి. ఇలా పలుమార్లు చేసినా ప్రతిసారీ తానే కుదురుకుంటేనే ఉప్పు సంచి విప్పవచ్చు.