నెల్లూరు ఎండల్లో 0డబ్ల్యూ-16: హైబ్రిడ్ కారుకి ఈ పల్చటి ఆయిల్ ఆగుతుందా?

హైక్రాస్, హైరైడర్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్ కార్లు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్నవి) నెల్లూరు, కావలి, ఒంగోలు రోడ్ల మీద ఇప్పుడు బాగానే కనిపిస్తున్నాయి. వాటితోపాటే, వాటిలో పోసే పల్చటి 0డబ్ల్యూ-16 ఇంజిన్ ఆయిల్ గురించి షెడ్లలో ఒక మాట తిరుగుతోంది: "ఇది నీళ్ల మాదిరి ఉందన్నా, మన ఎండలకి ఆగదు, కాస్త మందంది పోద్దాం." ఆ మాట విని మందంగా ఉండే 15డబ్ల్యూ-40 పోయించుకోకండి (ఈ పేర్లలో చివరి అంకె ఎంత తక్కువైతే వేడి మీద ఆయిల్ అంత పల్చన). కారుతో వచ్చిన పుస్తకంలో 0డబ్ల్యూ-16 అని ఉంటే, రోహిణి కార్తెలో కూడా ఆ ఇంజిన్‌కి అదే సరైన ఆయిల్. దీని బలహీనత ఎండ కాదు. ఊళ్లో దగ్గర దగ్గర తిరుగుళ్లకి అందులో పెట్రోలు కలుస్తుంది, చూసుకోవాల్సింది అదే.

ముందు ఎండ సంగతి. బయట 30 డిగ్రీలున్నా 44 ఉన్నా ఇంజిన్ వేడిని థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఒక హద్దులో పట్టి ఉంచుతాయి. ఆయిల్ మామూలుగా 90 నుంచి 110 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ మాటిమాటికీ ఆగుతుంది కాబట్టి ఊళ్లో అంత వేడికి కూడా చేరదు. ఇక పల్చదనం లెక్క చూడండి. మామూలు 0డబ్ల్యూ-16 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర దాదాపు 7 సెంటీస్టోక్సు, 40 డిగ్రీల దగ్గర 35 చిల్లర. అంటే మన ఊళ్లో పొద్దున్నే బండి తీసేటప్పుడు కూడా ఈ "నీళ్ల" ఆయిల్, వేడెక్కాక ఉండాల్సిన దానికంటే కనీసం అయిదు రెట్లు చిక్కగా ఉంటుంది. మందం కావాలని ఇంకా చిక్కనిది పోస్తే ఆ మొదటి నిమిషాల్లో పంపు కష్టపడుతుంది, పైన వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

హైబ్రిడ్‌కి ఇది మామూలు కారుకంటే ఎక్కువ ముఖ్యం. బ్యాటరీ మీద మెల్లగా వెళ్తున్న కారు హైవే ఎక్కి పెడల్ తొక్కగానే, అప్పటిదాకా ఆగి ఉన్న ఇంజిన్ ఒక్కసారిగా లేచి బరువు ఎత్తుకుంటుంది. వేడెక్కే వ్యవధి ఉండదు. ఆ క్షణానికి త్వరగా పారే ఆయిల్ ఉండాలి. బేరింగుల ఖాళీలు, పిస్టన్ రింగుల బిగువు, ఆయిల్ పంపు ఈ పల్చదనాన్ని లెక్కలో పెట్టుకునే తయారయ్యాయి. వాల్వ్ టైమింగ్ మార్చే భాగాల్లో చాలావాటిని కదిపేది కూడా ఆయిల్ ఒత్తిడే.

అసలు బలహీనత ఎక్కడంటే: వేడిలో, ఒత్తిడిలో నిలిచే పొర బలాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 150 డిగ్రీల దగ్గర కొలిచే ఈ అంకె 0డబ్ల్యూ-30కి కనీసం 2.9 ఉండాలి, 0డబ్ల్యూ-20కి 2.6, 0డబ్ల్యూ-16కి 2.3. శుభ్రంగా ఉన్నంతసేపు ఆ 2.3 సరిపోతుంది. కానీ పెట్రోలు కలిసిందంటే ఇంకా పల్చబడటానికి ఇక్కడ మిగులు తక్కువ. ఇంటి నుంచి ట్రంకు రోడ్డు, అక్కణ్ణుంచి మినీ బైపాస్, మళ్లీ ఇల్లు: ఈ రెండు మూడు కిలోమీటర్ల తిరుగుళ్లలో ఇంజిన్ నాలుగు నిమిషాలు నడిచి ఆగుతుంది. చల్లగా ఉన్న సిలిండర్ గోడలకి అంటిన పెట్రోలు కిందికి దిగుతుంది, తేమ కూడా చేరుతుంది. రెండూ ఆవిరై పోయేంత వేడి ఆయిల్‌కి అందదు.

దీన్ని డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చెప్పేస్తుంది. చదునైన చోట బండి పెట్టి, ఇంజిన్ ఆపి అయిదు నిమిషాలు ఆగి, ఒకసారి తుడిచి మళ్లీ ముంచి చూడండి. మీరు పోయకుండానే మట్టం పై గీత దాటి పెరిగిందంటే, వాసన చూస్తే పెట్రోలు గుప్పుమంటే, ఆ ఆయిల్ మార్చాల్సిందే, కిలోమీటర్లతో పని లేదు. పోసే మూత లోపల మీగడ మాదిరి తెల్లటి పొర కనిపిస్తే అది చాలావరకు తేమ. మూత తుడిచి, కారుని వారానికొకసారి హైవే మీద అరగంట నలభై నిమిషాలు ఆపకుండా తోలితే పోతుంది. పోకుండా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతుంటే మాత్రం సర్వీసు సెంటర్లో చూపించాలి. పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది అన్న లెక్క పొడుగు ప్రయాణాలకి బాగుంటుంది. ఊళ్లోనే తిరిగే కారుకి, రొయ్యల చెరువుల మట్టి రోడ్ల మీద తిరిగే కారుకి ఆరు నెలలకే మార్పించడం మేలు.

మార్చేటప్పుడు హైబ్రిడ్‌లో ఒక ప్రమాదం ఉంది. డ్యాష్‌బోర్డు మీద రెడీ లైటు వెలిగి ఉంటే ఇంజిన్ దానంతటదే లేస్తుంది. ఆయిల్ దించేసిన ఇంజిన్ అలా లేచిందంటే బేరింగులు పోతాయి, లోపల చేతులుంటే చేతులూ పోతాయి. పవర్ పూర్తిగా ఆపి, తాళాన్ని బండికి దూరంగా పెట్టాకే కింద బోల్టు విప్పనివ్వండి. బోల్టుకి కొత్త వాషర్ వేయించండి. పాతదాన్నే బిగిస్తే ఆయిల్ చెమర్చవచ్చు. చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి, ఇంజిన్ నడిపి, ఆపి, చూసి, మిగతాది కొంచెం కొంచెంగా కలపాలి. ఎక్కువైతే నురగ వచ్చి ఒత్తిడి పడిపోతుంది.

0డబ్ల్యూ-16 దొరకలేదా? 0డబ్ల్యూ-20 పోసి, తర్వాతి సర్వీసుకి మళ్లీ 0డబ్ల్యూ-16కి రావాలని టయోటా తన పుస్తకాల్లో చాలాచోట్ల రాసింది. బాగా బరువుతోనో వేగంతోనో నడిచే బండికి కాస్త చిక్కనిది మెరుగు కావచ్చని కూడా అందులోనే ఉంటుంది. ఏడుగురితో, సామాన్లతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ తరచుగా ఎక్కే హైక్రాస్‌కి 0డబ్ల్యూ-20 తప్పేం కాదు. వారంటీ ఉంటే సర్వీసు సెంటర్‌ని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఇంకా పల్చటి 0డబ్ల్యూ-8 జోలికి మాత్రం, పుస్తకంలో ఆ అంకె లేకపోతే, పోవద్దు.

కొనేటప్పుడు డబ్బా మీద ఆయిల్ నాణ్యత గుర్తులు, అంటే ఏపీఐ ఎస్‌పీ లేదా ఎస్‌క్యూ, దాంతోపాటు జీఎఫ్-6బీ లేదా జీఎఫ్-7బీ ఉందా చూడండి. ఆ చివరి "బీ" 0డబ్ల్యూ-16 కోసమే పెట్టింది. "ఏ" ఉంటే అది 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి వాటిది. ధర మామూలు ఆయిల్ కంటే ఎక్కువే. మైలేజీలో వచ్చే తేడా ఆ డబ్బుని పూర్తిగా తిరిగి ఇస్తుందని నమ్మి కొనొద్దు, ఇంజిన్ అడిగింది కాబట్టి కొనండి. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ వద్దనండి. సీలు మీ కళ్ల ముందే తీయించండి, ఖాళీ డబ్బా మూతని అక్కడే పగలగొట్టించండి, మళ్లీ నింపి అమ్మకుండా.