చింతపండుకు బదులు ఏది మేలు? నిమ్మ, మామిడి, టమాటా, కుడంపులి

చింతపండు నిండుకున్న రోజున చేతికందిన పులుపేదో వేసేస్తాం. పులిహోరయితే ఎలాగోలా కుదురుతుంది. పులుసు మాత్రం నీళ్లచారులా తేలిపోతుంది, పప్పేమో ఎన్ని విజిల్స్ వచ్చినా మెత్తబడదు. ఎంత పులుపు వేశామన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ పులుపు మరిగితే ఏమవుతుంది, దాంతోపాటు చిక్కదనం వస్తుందా రాదా అన్నది ముందు చూసుకోవాలి.

చింతపండు పులుపుకు మూలం టార్టారిక్ ఆమ్లం. ఎంతసేపు మరిగించినా అది ఆవిరైపోదు. గుజ్జులో చక్కెర, పెక్టిన్ అనే జిగురు పదార్థం కూడా ఉండడం వల్ల పులుసు మరిగేకొద్దీ దగ్గరపడుతుంది. నిమ్మరసంలో ఉండే సిట్రిక్ ఆమ్లం కూడా మరిగితే పోదు గానీ, నిమ్మ వాసన పోతుంది, చేదు తేలుతుంది. చిక్కదనం అసలే రాదు. వెనిగర్‌లోని ఆమ్లానికి ఘాటైన వాసన ఉంటుంది, మరిగేకొద్దీ ఆవిరవుతుంది కూడా. మన పులుసుల్లోకి అది వద్దు.

ఇక కొలతలు. నలుగురికి సరిపడే పులుసుకు నిమ్మకాయంత చింతపండు వేస్తాం, అంటే 25–30 గ్రాములు. అంత పులుపు రావాలంటే నిమ్మరసం 45–60 మిల్లీలీటర్లు కావాలి, పుల్లటి పచ్చిమామిడి ముక్కలైతే 120–150 గ్రాములు. టమాటాలతోనే తేవాలంటే అరకిలో దాటుతుంది. టమాటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే, పులుపు నిమ్మరసంలో పదో వంతు ఉంటే ఎక్కువ. రెండు టమాటాలు వేసి పులుసు పుల్లగా లేదనుకోవడానికి కారణం ఇదే. కాయ కాయకీ పులుపు మారుతుంది కాబట్టి ముప్పాతిక వంతు వేసి, రుచి చూసి మిగతాది కలపండి.

పులిహోరకి

పావుకిలో బియ్యానికి 40–50 గ్రాముల చింతపండు వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, చిక్కగా గుజ్జు తీయాలి. పసుపు, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి వేసి నూనె పైకి తేలేదాకా, పన్నెండు పదిహేను నిమిషాలు ఉడికించాలి. ఇలా చేసింది మర్నాటికి ఇంకా బాగుంటుంది, ప్రయాణానికి కట్టుకెళ్లొచ్చు.

నిమ్మకాయతో అయితే అదే బియ్యానికి మన చిన్న కాయలు రెండు మూడు చాలు. తాలింపు దించేశాక, అన్నం పళ్లెంలో ఆరబెట్టి గోరువెచ్చగా ఉన్నప్పుడే రసం కలపాలి. బాణలిలో పోసి వేడి చేస్తే చేదెక్కుతుంది. గింజలు అన్నంలో పడినా చేదే. కాయని గట్టిగా నలిపి పిండితే తొక్క చేదు దిగుతుంది, మెల్లగా పిండండి. దబ్బకాయకీ ఇదే జాగ్రత్త, తొక్క కింది తెల్లపొర రసంలో కలవకూడదు. నిమ్మ పులిహోర చేసిన పూటే తినేయాలి, సాయంత్రానికి వాసన తగ్గిపోతుంది.

పచ్చిమామిడి దొరికే రోజుల్లో నా ఓటు దానికే. కాయ కోరు (తురుము) ఒక కప్పు తీసుకుని, సగం తాలింపులో రెండు నిమిషాలు మగ్గించి, మిగతా సగం పచ్చిగానే అన్నంలో కలపండి. మొత్తం మగ్గిస్తే కోరు గుజ్జయి అన్నం ముద్దకడుతుంది, మొత్తం పచ్చిగా వేస్తే పులుపు మెతుక్కి పట్టదు. కలెక్టరు కాయ అయితే పులుపు తక్కువ, కప్పున్నర దాకా పడుతుంది.

పులుసుల దగ్గరే అసలు చిక్కు

చేపల పులుసుకు చింతపండు లేకపోతే మొదటి ఎంపిక పచ్చిమామిడి. నెల్లూరు చేపల పులుసులో చింతపండుతోపాటు మామిడి ముక్కలు వేయడం ఉన్నదే కాబట్టి రుచి కొత్తగా అనిపించదు. పులుపంతా మామిడిదే అయినప్పుడు వేసే వరుస మార్చాలి. ఉల్లిపాయ ముద్ద వేగాక ఒక టమాటా, కారం, ధనియాల పొడి, నీళ్లు, మామిడి ముక్కలు వేసి ఐదారు నిమిషాలు మరిగించండి. ముక్క పులుపు నీళ్లలోకి దిగాకే చేపలు వేయాలి. చేపలు, మామిడి ఒకేసారి వేస్తే పులుసుకు పులుపు పట్టేలోపే చేప ఉడికిపోతుంది, ఇంకా మరిగిస్తే ముక్క విరిగిపోతుంది.

మామిడి లేని కాలంలో కుడంపులి మంచిదే. కేరళ వాళ్లు చేపల కూరలో వేసే నల్లటి ఎండు తొక్క ఇది. అరకిలో చేపకు మూడు నాలుగు ముక్కలు కడిగి, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, ఆ నీళ్లతో సహా వేయాలి. ముక్కలు పులుసులో ఉన్నంతసేపూ పులుపు దిగుతూనే ఉంటుంది. రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి నోట పెట్టలేం, కాబట్టి రుచి సరిపోగానే తీసేయండి. దానికి ఉండే పొగ వాసన చేపకు నప్పుతుంది, బెండకాయ పులుసుకూ సొరకాయ పులుసుకూ నప్పదు.

ఆ కూరగాయల పులుసులకు మిగిలింది టమాటాయే. నేరుగా వేయకుండా, 400 గ్రాములు మెత్తగా రుబ్బి, నూనె విడిచేదాకా వేయించి నీరంతా ఇంకనివ్వండి. తర్వాత నీళ్లు పోసి మరిగించి, దించేముందు ఒక చిన్న చెంచా ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి) గానీ, చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం పలుకులు) గానీ వేస్తే పులుపు అందుతుంది. చిక్కదనానికి చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో జారుగా కలిపి పోయండి. టమాటాకు తీపి ఉంటుంది కాబట్టి బెల్లం మానేయాలి. ఇంత చేసినా చింతపండు పులుసుకు సాటి రాదు, ఆ పూటకు గడుస్తుంది.

బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ అయితే చింతపండు తెచ్చుకున్నాకే చేయండి. పల్లీలు, నువ్వులు, కొబ్బరి ముద్ద జిడ్డును విరిచే పులుపు టమాటాకు లేదు. టమాటాతో చేస్తే అది కుర్మా అయిపోతుంది.

పచ్చిపులుసుకు మాత్రం నిమ్మరసం నిక్షేపంగా పనికొస్తుంది, ఎందుకంటే అది పొయ్యెక్కదు. కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ ఉప్పేసి బాగా పిసికి, నీళ్లు పోసి, నిమ్మరసం చివర్లో కలపాలి. పల్చగా అనిపిస్తే వేయించిన నువ్వుల పొడి ఇంకో చెంచా వేయండి. ఎండాకాలంలో అయితే మామిడికాయ నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, గుజ్జు పిసికి చేసే పచ్చిపులుసు ముందు చింతపండు కూడా తగ్గాల్సిందే.

పప్పులోకి ఏ పులుపైనా సరే. టమాటా, మామిడి, చింతచిగురు, చుక్కకూర, గోంగూర, దేని రుచి దానిది. చూసుకోవాల్సింది ఎప్పుడు వేస్తున్నామన్నదే. పులుపు తగిలితే గింజలోని పెక్టిన్ కరగదు, పప్పు బిరుసుగా ఉండిపోతుంది. కందిపప్పు మెత్తగా ఉడికాకే పులుపు వేసి ఇంకో ఐదారు నిమిషాలు ఉడకనివ్వండి. చింతచిగురును అరచేతుల్లో నలిపి ఈనెలు తీసి, చివర్లో వేస్తే చాలు. నీడలో ఎండబెట్టి దాచుకున్న చిగురైనా ఇలాగే.

విదేశాల్లో వండుకునేవాళ్లు కాయల తేడా గమనించాలి. అక్కడి పసుపుపచ్చ లెమన్ ఒక్కటి పిండితే మన చిన్న నిమ్మకాయలు రెండింటికి సరిపోయే రసం వస్తుంది, వాసన మాత్రం మన కాయకు దగ్గరగా ఉండేది ఆకుపచ్చ లైమ్‌దే. డబ్బాల్లో అమ్మే కాయల్లో తీపి చింతపండు అని ఒక రకం ఉంటుంది. అది తినడానికే, పులుసుకు పనికిరాదు. సీసాలో వచ్చే నల్లటి చింతపండు పేస్టు బాగా గాఢంగా ఉంటుంది, అరచెంచాతో మొదలుపెట్టి రుచి చూస్తూ పెంచండి. కొన్నింటిలో ఉప్పు ముందే కలిపి ఉంటుంది కాబట్టి, కూరలో ఉప్పు ఆ పేస్టు వేశాకే సరిచూసుకోండి.