మూడు లాంతర్ల దగ్గర ఫిజిక్స్ డౌట్ల ట్యూషన్: కాలిక్యులస్ దగ్గర ఆగిపోయేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి

విజయనగరంలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతూ, ఫిజిక్స్ హోంవర్క్‌లో డీఎక్స్ బై డీటీ (కాలంతో పాటు దూరం ఎంత వేగంగా మారుతుందో చెప్పే గుర్తు) కనబడగానే పెన్ను ఆగిపోయేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఫిజిక్స్‌లో సరళరేఖా చలనం మొదట్లోనే వచ్చేస్తుంది, లెక్కల్లో డిఫరెన్షియేషన్ మొదలయ్యేసరికి ఏడాది చివరికి వస్తాం, ఇంటిగ్రేషన్ అయితే సెకండియర్‌లోనే. హోంవర్క్ మాత్రం అప్పటిదాకా ఆగదు కదా. మా కాలేజీలో ఫార్ములాల కాగితం ఒకటి చేతిలో పెట్టి బట్టీ పట్టమన్నారు, అంతే.

మూడు లాంతర్ల నుంచి కోట వైపు వెళ్ళే సందుల్లో ఒక మేడ మీద గదిలో రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు సాయంత్రాలు డౌట్లు మాత్రమే చెబుతారు. పాఠం మొదటి నుంచి చెప్పరు, నోట్సు ఇవ్వరు. మనం తెచ్చిన లెక్క చూసి మొదట ఒకే ప్రశ్న వేస్తారు: "ఇందులో ఏటి మారతంది, ఏటి మారట్లేదు, ముందు అది చెప్పమ్మా." ఆయన దగ్గర నాకు బాగా నచ్చింది ఇదే.

ఒక లెక్క చెబుతాను. వస్తువు నిశ్చల స్థితి నుంచి బయల్దేరింది, త్వరణం 6టి (టి అంటే సెకన్లలో కాలం), 2 సెకన్లకి వేగమెంత? క్లాసులో చాలామంది త్వరణం మారనప్పుడు వాడే ‘వి = యు + ఏటి’లో త్వరణం 12 అని వేసేసి 24 తెచ్చారు. మేష్టారు కాదనలేదు, గ్రాఫ్ గీయమన్నారు. త్వరణం సున్నా నుంచి 12 దాకా మెల్లగా పెరిగింది, మొదటి నుంచీ 12 లేదు, మరి 24 ఎలా వస్తుంది? త్వరణం గీత కింద ఉన్న వైశాల్యమే పెరిగిన వేగం; ఆ త్రిభుజం వైశాల్యం 12, కాబట్టి వేగం సెకనుకి 12 మీటర్లు. ఆ తరవాతే ఇంటిగ్రేషన్ గుర్తు వేసి, 3టి స్క్వేర్ వస్తుందని, అందులో 2 పెట్టినా 12 వస్తుందని చూపించారు. ఆ పొడుగాటి ఎస్ అంటే చిన్న చిన్న ముక్కల్ని కలపడమేనని అప్పుడు తెలిసింది. స్ప్రింగ్‌ని సాగదీయడానికి చేసే పని ఫార్ములాలో (సగం కేఎక్స్ స్క్వేర్) ఆ సగం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా అదే త్రిభుజంతో తేలిపోయింది.

ఇంటిగ్రేషన్ లిమిట్స్, అంటే ముక్కల్ని ఎక్కడి నుంచి ఎక్కడి వరకు కలపాలో చెప్పే హద్దుల గురించి ఇంకా బాగా చెబుతారు. సన్నటి కడ్డీ జడత్వ భ్రామకం (తిప్పడానికి అది ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత) మధ్యలోంచి తిప్పితే ఎమ్ఎల్ స్క్వేర్ బై 12 (ఎమ్ ద్రవ్యరాశి, ఎల్ పొడవు), చివర పట్టుకుని తిప్పితే బై 3. రెండిటికీ లోపల రాసేది ఒకటే, ఎమ్ బై ఎల్ ఇంటూ ఎక్స్ స్క్వేర్ డీఎక్స్. మారేది లిమిట్స్ మాత్రమే: మొదటి దానికి మైనస్ ఎల్ బై 2 నుంచి ప్లస్ ఎల్ బై 2 వరకు, రెండో దానికి సున్నా నుంచి ఎల్ వరకు. రెండు ఫార్ములాలు విడివిడిగా గుర్తుపెట్టుకోవాలని టెన్షన్ పడేదాన్ని, ఇప్పుడు ఆ అవసరమే లేదు.

ఫీజు గంట లెక్కన తీసుకుంటారు, ఊళ్ళో మామూలు ట్యూషన్ల కంటే ఎక్కువేం కాదు. గది మాత్రం చిన్నది, పరీక్షల ముందు మెట్ల మీద కూడా కూర్చోవాల్సి వస్తుంది, వెనకవాళ్ళకి బోర్డు సరిగా కనబడదు. జేఈఈకి షార్ట్‌కట్లు కావాలని వెళ్తే చెప్పరు, ఈ విషయం ముందే తెలుసుకోండి. గజపతినగరం, నెల్లిమర్ల వైపు నుంచి వచ్చేవాళ్ళు ముందుగానే చెబితే వాళ్ళ లెక్కలు మొదట చూసి బస్సు టైముకి పంపిస్తారు, ఆడపిల్లల తల్లిదండ్రులకి ఇది చాలా పెద్ద విషయం. సిరిమానోత్సవం సమయంలో ఆ సందుల్లోకి రావడమే కష్టం, ట్యూషన్ కూడా ఉండదు.

వెళ్ళేటప్పుడు లెక్క మీరు ఎంతవరకు చేశారో ఆ కాగితం తీసుకెళ్ళండి. ఖాళీ పుస్తకంతో వెళ్తే ముందు ఒక మూల కూర్చోబెట్టి చేయిస్తారు, ఆ తరవాతే మీ వంతు.