ఓటీజీలో గుడ్డు, కూరగాయల బైట్స్: ఏడాదికి పైగా చేసుకు తిన్నాక నా సమీక్ష

బైట్స్ అంటే గిలకొట్టిన గుడ్డులో వేయించిన కూరగాయలు కలిపి, గుంతల ట్రేలో పోసి ఓవెన్‌లో ఉడికించే చిన్న ముక్కలు. పొద్దున్నే ఆఫీసుకీ స్కూలుకీ పరుగులు పెట్టే ఇంట్లో ఈ టిఫిన్ నిజంగా పనికొస్తుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇడ్లీ, పెసరట్టు చోటులోకి మాత్రం రాదు, రావాలని నేను కోరుకోలేదు కూడా. పప్పు నానబెట్టడం కుదరక బ్రెడ్డుతోనో కార్న్‌ఫ్లేక్స్‌తోనో కానిచ్చేసే రోజుల కోసం మొదలుపెట్టాను. ఏడాది దాటింది, ఇప్పటికీ దాదాపు వారం వారం చేస్తూనే ఉన్నాను. ఇవి కుదరడం, చెడడం అంతా ఓవెన్ కంటే కూరగాయల్లో ఉన్న నీటి మీదే ఆధారపడి ఉంటుందని ఇన్నాళ్లకు గట్టిగా చెప్పగలను.

నేను వాడేది 28 లీటర్ల మామూలు ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్), 1500 వాట్లది. పైనా కిందా రాడ్లు ఉంటాయి, ఫ్యాన్ లేదు. దాంట్లోకి ఆరు గుంతల సిలికాన్ ట్రే. అంతకుముందు నాన్‌స్టిక్ మఫిన్ ట్రేలో చేసేదాన్ని. కేకులకి అది బాగానే ఉంటుంది, పిండిలో ఉన్న వెన్న వల్ల తేలిగ్గా ఊడొస్తుంది. గుడ్డు అలా కాదు, వేడెక్కిన లోహాన్ని పట్టుకుంటే వదలదు. ఎంత నూనె రాసినా గోడల వెంట ఓ పొర మిగిలేది, దాన్ని గీకితే కోటింగ్ లేచేది. కాగితం కప్పులు కూడా వద్దు, సగం గుడ్డు కాగితానికే పోతుంది. సిలికాన్‌లో ఆ బాధ లేదు. గుంతకి రెండు చుక్కల నూనె వేసి వేలితో అంతా రాసి, ఉడికాక ఐదు నిమిషాలు ఆగి, కింద నుంచి బొటనవేలితో నొక్కితే ముక్క అంచులు చెదరకుండా పైకి వచ్చేస్తుంది. ట్రే మెత్తగా ఊగుతుంది కాబట్టి గుడ్డు పోయకముందే ఓటీజీతో వచ్చిన ఇనుప ట్రే మీద పెట్టేసుకోవాలి.

కొలత మా ఇంట్లో ఇలా కుదిరింది. ఆరు గుడ్లు, యాభై గ్రాముల పనీర్, మూడు టేబుల్ స్పూన్ల పాలు, పచ్చిగా తూస్తే 200 గ్రాముల కూరగాయలు. అర టీస్పూన్ ఉప్పు, దంచిన మిరియాలు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర. పనీర్‌నీ పాలనీ మిక్సీలో మెత్తగా తిప్పి, గిలకొట్టిన గుడ్లలో చేత్తో కలుపుతాను. గుడ్లు కూడా మిక్సీలో వేస్తే నురగ ఎక్కువై, ఉడికిన ముక్క లోపల చిల్లులు చిల్లులుగా ఉంటుంది. అంత తొందరలో ఉంటే మిక్సీలోనే కానివ్వండి, కాకపోతే పది నిమిషాలు పక్కన పెట్టి, నురగ తీసేసి పోయండి.

ఇక అసలు విషయం, కూరగాయలు. మన కూరల్లో గుడ్డుకి ఎప్పటి నుంచో జతలున్నాయి: టమాటా కోడిగుడ్డు, బీరకాయ కోడిగుడ్డు, సొరకాయ కోడిగుడ్డు, మునగాకు పొరటు. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా ఈ ట్రేలోకి దించి చూశాను. బాణలిలో గుడ్డుతో అంత బాగుండే టమాటా, బీరకాయ, సొరకాయ ఓవెన్‌లో మాత్రం ఏడిపిస్తాయి. బాణలి మూత తీసి ఉంటుంది, కింద మంట ఉంటుంది, ఊరిన నీరు ఊరినట్టే ఆవిరైపోతుంది. గుంతలో చుట్టూ గుడ్డు గడ్డకడుతుంది కాబట్టి ఆ నీటికి పోయే దారి ఉండదు, అడుగున చేరుతుంది. పై భాగం బాగానే కనిపిస్తుంది గానీ ముక్క తిరగేస్తే అడుగంతా తడి తడిగా ఉండి, కోస్తే పళ్లెంలో నీళ్లు నిలుస్తాయి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ఆ నీరు ఇంకా ఎక్కువవుతుంది.

అందుకని టమాటా వేయాలనుకుంటే గింజలూ రసమూ తీసేసి గుజ్జు కండ ఒక్కటే వేస్తాను. బీరకాయనీ సొరకాయనీ వదిలేశాను, అవి కూరలోనే బాగుంటాయి. పాలకూరని వేడి బాణలిలో వాడ్చి, చల్లారాక పిడికిట్లో పెట్టి గట్టిగా పిండాలి. ఒక కట్ట పాలకూర పిండితే ఎంత పచ్చటి నీరు కారుతుందో చూస్తే, అది గుడ్డులో ఉంటే ఏమయ్యేదో అర్థమవుతుంది. పుట్టగొడుగులు కూడా అంతే, నీరు ఊరి, ఆ నీరు ఇగిరి, అంచులు ఎర్రబడేదాకా వేయించాలి. ఉల్లిపాయ, క్యాప్సికం, బీన్స్, క్యారెట్ తురుము ఒక స్పూను నూనెలో నాలుగైదు నిమిషాలు వేగితే చాలు. ఇందులో ఉప్పుది కూడా పాత్ర ఉంది. కూరగాయల్ని వేయించేటప్పుడే ఉప్పు వేస్తే నీరు బాణలిలోనే వదిలిపోతుంది, గుడ్డులోకి వెళ్లాక వదలదు. వేగిన కూరల్ని పళ్లెంలో పరిచి చల్లారనిచ్చాకే గుడ్డులో కలపాలి.

అన్నిట్లోకీ నాకు నచ్చింది మునగాకు. దాంట్లో నీరు తక్కువ, గుడ్డుతో రుచి మనకి ముందే తెలిసింది. ఈనెలు తీసి, రెండు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి వేయిస్తాను, ఆకు గలగలలాడేదాకా వేగనిస్తాను. మా అత్తగారు ఓవెన్ వంటలంటే ఒక ముక్క రుచి చూసి పక్కన పెట్టేసే మనిషి. ఈ మునగాకువి మాత్రం అడిగి మరీ తింటారు, కాస్త కారప్పొడి చల్లి ఇవ్వమంటారు. మా అమ్మాయికి మొక్కజొన్న గింజలు, ఎర్ర క్యాప్సికం వేసినవి కావాలి. ఒకే ట్రేలో మూడు గుంతలు అలా, మూడు ఇలా చేయొచ్చు, ఈ పద్ధతిలో నాకు నచ్చిన వెసులుబాటు అది.

ఓవెన్ సంగతికొస్తే, చాలామంది 180 డిగ్రీలు అంటారు. పెద్ద ఓవెన్లకి అది సరిపోతుందేమో గానీ మన చిన్న ఓటీజీలో పై రాడ్ ట్రేకి బాగా దగ్గరగా ఉంటుంది. 180లో పెడితే లోపల ఉడికేలోపు పైన గోధుమరంగు తోలు కడుతుంది. నేను పది నిమిషాలు ముందు వేడిచేసి, 160 డిగ్రీల్లో, కింది అరలో, రెండు వైపులా రాడ్లు వేసి ఇరవై రెండు నుంచి ఇరవై ఐదు నిమిషాలు ఉంచుతాను. సగం సమయంలో ట్రేని వెనక్కీ ముందుకీ తిప్పి పెడతాను, వెనుక వైపు వేడి ఎక్కువ. మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చి సొన అంటకూడదు, ట్రే కదిపితే మధ్య భాగం కొద్దిగా వణకొచ్చు, జారకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్లు మధ్యలో 71 డిగ్రీలు చూసుకుంటే చాలు, గుడ్డు పూర్తిగా ఉడికినట్టే. ఓవెన్‌లో ఉండగా పూరీల్లా పొంగి, బయటికి తీయగానే అణిగిపోతాయి. అందులో తప్పేమీ లేదు. లోపల చిక్కుకున్న ఆవిరి చల్లబడి దిగిపోతుంది, అంతే.

సెలవు రోజుల్లో నీళ్ల పద్ధతిలో చేస్తాను. ఇనుప ట్రేలో సిలికాన్ ట్రే పెట్టి, చుట్టూ అర అంగుళం మేర మరిగే నీళ్లు పోసి, 150 డిగ్రీల్లో అరగంట పైన ఉంచాలి. నీళ్లు ఉన్నంతసేపూ వేడి ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి అంచులు గట్టిపడవు, ముక్క మెత్తగా కోసుకుపోతుంది. స్టార్‌బక్స్ కాఫీ షాపుల వాళ్లు 2017 జనవరిలో అమెరికాలో తెచ్చిన ఎగ్ బైట్స్ ఈ మెత్తదనంతోనే పేరు తెచ్చుకున్నాయి. వాటిలో కాటేజ్ చీజ్ అనే మెత్తటి, తడి పాలవిరుగు వేస్తారు కాబట్టి, దాని బదులు పనీర్ పనికొస్తుందా అని అక్కడున్న మనవాళ్లు సందేహపడుతుంటారు. పనీర్ అంతకంటే పొడిగా, గట్టిగా ఉంటుంది కాబట్టి చిదిమి వేస్తే పలుకులుగానే తగులుతుంది. పాలతో మిక్సీ పడితే ఆ తేడా తెలియదు. నిదానంగా చేసుకునే తీరిక ఉన్నప్పుడు నేను ఈ పద్ధతికే ఓటు వేస్తాను. వారం మధ్యలో మాత్రం మామూలు పద్ధతే, ప్రీహీట్‌తో కలిపి ముప్పై ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కరెంటు ఒక యూనిట్ దాటదు.

ఆరోగ్యం విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, రెండు బైట్స్ తింటే పన్నెండు, పనీర్‌ది ఇంకొంచెం. పదకొండు గంటలకి బిస్కెట్ కోసం చూడకుండా ఉండడానికి అది చాలు, నా విషయంలో ఇది స్పష్టంగా కనిపించిన మార్పు. నూనె మొత్తం కలిపి రెండు స్పూన్ల లోపే. కానీ ‘కూరగాయలు కూడా అయిపోయాయి’ అనుకుంటే పొరపాటే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు తినమంది. నా కొలతలో రెండు బైట్స్‌కి వచ్చేవి దాదాపు అరవై ఏడు గ్రాములు, అంటే ఆరో వంతు. గుడ్డులో పీచు ఉండదు. ఒత్తుగా కూరగాయలు వేద్దామంటే ముక్క నిలవదు, విడిపోతుంది. అందుకే పక్కన ఒక జామకాయో, మిగిలిన జొన్నరొట్టె ముక్కో పెట్టుకుంటాం. మైదా, చీజ్ దట్టంగా వేసి చేసేవి కూడా ఇదే పేరుతో చెలామణీ అవుతున్నాయి. రుచిగా ఉంటాయి, కాదనను. వాటిని ఆరోగ్యం కోసం తినే టిఫిన్ అనడం మాత్రం నాకు నచ్చదు.

నిల్వ గురించి కాస్త గట్టిగా ఉండాలి. నేను ఆదివారం రాత్రి చేసి, పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో అడుగున టిష్యూ పరిచి ఫ్రిజ్‌లో పెడతాను. బుధవారంతో అయిపోవాలి. మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టరు కాబట్టి వారం చివరికి మిగలకుండా చూసుకోవడం అలవాటైపోయింది. ఫ్రీజర్‌లో పెట్టొచ్చు గానీ కరిగాక మళ్లీ నీరు వదులుతాయి, నాకు నచ్చలేదు. వేడిచేయడానికి మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద నలభై సెకన్లు చాలు. ఫుల్ పవర్‌లో పెడితే గట్టిపడి పళ్లకి సాగుతాయి. స్కూలు బాక్సులో పెట్టమని మా అమ్మాయి అడుగుతుంది, నేను పెట్టను. ఉడికిన గుడ్డు రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, మన ఎండాకాలంలో గంటే ఎక్కువ. ఇది ఇంట్లో కూర్చుని తినే టిఫిన్.

సిలికాన్ ట్రే మీద నాకున్న పెద్ద ఫిర్యాదు నీచు వాసన. కొత్తలో తెలియదు, కొన్ని నెలలు గడిచాక సబ్బుతో తోమినా ముక్కు దగ్గర పెడితే గుడ్డు వాసన తగులుతుంది. గుడ్డు గిన్నెలకి మన ఇళ్లల్లో చేసినట్టే శనగపిండితో రుద్ది కడిగి, నెలకోసారి బేకింగ్ సోడా వేసిన మరిగే నీళ్లలో అరగంట నాననిస్తే చాలావరకు పోతుంది, పూర్తిగా పోదు. అందుకని ఆ ట్రేలో కేకులు చేయడం మానేశాను. గుడ్డు తినని వాళ్లు ఇంట్లో ఉంటే ముందే విడిగా ఒకటి పెట్టుకోవడం మంచిది. మా బోరు నీళ్లకి గుంతల్లో తెల్లటి పొర కూడా కడుతుంది, నిమ్మచెక్కతో రుద్దితే వదులుతుంది. చిరగడం, రంగు మారడం లాంటివి ఇంతవరకు లేవు. కొనేటప్పుడు ఎంత వేడి తట్టుకుంటుందో డబ్బా మీద చూడండి, 220 డిగ్రీలకి తగ్గకుండా ఉంటే దిగుల్లేదు.

ఈ ఒక్క టిఫిన్ కోసం ఓటీజీ కొంటారా అంటే వద్దనే చెబుతాను. ఇంట్లో ఉంటే ట్రే ఒకటి కొనుక్కోండి. లేకపోతే గుంటపొంగనాల పెనం చాలు: చుక్క నూనె వేసి, ఇదే మిశ్రమాన్ని ముప్పావు వంతు పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద నాలుగు నిమిషాలు, తిరగేసి ఇంకో నిమిషం. అడుగు ఎర్రగా వేగుతుంది, గుంత చిన్నది కాబట్టి నీరు నిలిచే బాధ కూడా తక్కువ. మునగాకుతో అయితే పెనం మీదవే నాకు ఎక్కువ ఇష్టం. ఒకేసారి రెండు మూడు రోజులకి సరిపడా చేసుకోవడం మాత్రం పెనంతో కష్టం, వాయి తర్వాత వాయి పోస్తూ పొయ్యి దగ్గరే నిలబడాలి.