ఆరు చలికాలాలు, ఒక 8×42, ఒక తెల్ల పిల్లిగద్ద

మొన్న జనవరిలో కర్నూలు వైపున్న రోళ్లపాడు గడ్డి మైదానంలో మగ పాలిడ్ హారియర్‌ని చూశాను. దాని కోసం ఆరు చలికాలాలు తిరిగాను. ఆరేళ్లూ నా మెడలో ఉన్నది ఒకే బైనాక్యులర్, 8×42. అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. కంపెనీ ఏదైనా ఈ రెండు అంకెలే ముఖ్యమని నాకు గట్టి నమ్మకం. అందుకే ఈ రివ్యూ.

హారియర్లను మనవాళ్లు పిల్లిగద్దలంటారు. పాలిడ్ హారియర్లు కజకిస్తాన్, రష్యా వైపు స్టెప్పీ మైదానాల్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి మన నల్లరేగడి నేలల మీదికి వస్తాయి. పగలంతా శనగ చేల మీద బాగా కిందుగా ఎగురుతూ వేటాడి, పొద్దుగూకే వేళకు గడ్డిలో నేలమీదే పడుకోవడానికి చేరతాయి. రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో పెట్టింది బట్టమేకపిట్ట కోసం. నేను వెళ్లేది మాత్రం వీటి కోసం.

చిక్కల్లా మగ మాంటేగు హారియర్‌తోనే. అదీ బూడిద రంగే. కానీ దాని రెక్క మీద అడ్డంగా నల్లటి చార ఉంటుంది. పాలిడ్‌కి చార ఉండదు, ఒళ్లు ఇంకా తెల్లగా ఉంటుంది, రెక్క కొసన సన్నటి నలుపు మాత్రం కనిపిస్తుంది. ఆ చార ఉందో లేదో క్షణాల్లో తేల్చుకోవాలి, అదీ వెలుగు పోయే వేళ.

ఈ 8×42 కొనకముందు ఒక మిత్రుడి 10×50 తీసుకెళ్లేవాణ్ని. బరువుకి చేతులు వణికేవి. పక్షి ఎటు తిరిగిందో వెతికేలోపు దాటిపోయేది. 8×లో ఆ వణుకు అంతగా తెలియదు, ఒకేసారి కనిపించే మేర కూడా ఎక్కువ. ఇంకో లెక్క ఉంది. 42ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు అన్ని మిల్లీమీటర్లు. 10×42కి అది 4.2 మాత్రమే. మిట్టమధ్యాహ్నం ఈ తేడా తెలియదు. సాయంత్రం ఆరింటికి బాగా తెలుస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మూడో ఏడు కుడివైపు కంటి కప్పు వదులైంది, టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను. దాంతోపాటు వచ్చిన పట్టీకి గంటలోనే మెడ లాగేసేది. భుజాల మీదుగా వేసుకునే హార్నెస్ కొన్నాక ఆ బాధ తప్పింది. వానాకాలంలో సిలికా జెల్ వేసిన డబ్బాలో పెడతాను, ఇప్పటిదాకా అద్దాలకు ఫంగస్ పట్టలేదు. కళ్లజోడు వాడేవాళ్లు ఆ కళ్లజోడుతోనే షాపులో చూసి కొనండి.

ఆ సాయంత్రం నేనూ మా ఆవిడా బండిదారి మీదే నిలబడ్డాం. గడ్డిలోకి దిగితే పక్షులు బెదిరి లేచిపోతాయి. అప్పటికి పదిహేడు వచ్చి దిగాయి. నాలుగు మగ మాంటేగులు, మిగతావన్నీ గోధుమ రంగువి. అప్పుడు పడమటి వైపు నుంచి ఒకటి వచ్చింది, తెల్లగా.

"చార ఉందా?" అంది మా ఆవిడ.

రెక్క ఎత్తినప్పుడు చూశాను, దించినప్పుడు చూశాను. "లేదు" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగి అంతా మసకైపోయింది. బైనాక్యులర్ తన చేతికిచ్చాను. కుడి కంటి దగ్గరి రింగు నా చూపుకి సరిపెట్టి ఉంది. తను దాన్ని తిప్పుకుని, పక్షిని పట్టుకుంది.

"ముఖం గుడ్లగూబలా గుండ్రంగా ఉందండీ!"

గడ్డి మీద రెండు చుట్లు తిరిగి, కాళ్లు చాచి దిగిపోయింది.