డాబా మీద డెక్కింగ్ వేయించుకునేవారికి హెచ్చరిక: శాంపిల్ ముక్కను ఎవరి చేతికీ ఇవ్వకండి

డాబా మీద డెక్కింగ్, అంటే స్లాబుపై ఫ్రేము వేసి దాని మీద పలకలు పరిచే నేల, వేయించుకోవాలని చూస్తున్నవారందరూ, ముఖ్యంగా హైదరాబాదులో మనలో చాలామంది వెళ్ళే ఆ పెద్ద షోరూములో ఇప్పటికే కొటేషను తీసుకున్నవారు, అడ్వాన్సు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. అక్కడ మాకు చూపించిన సరుకు ఒకటి, ఇంటికి పంపిన సరుకు మరొకటి. అడగడానికి వెళితే జరిగిన అవమానం వేరు.

టేకు వేయిస్తే తరచూ నూనె పట్టించాలి, లేకపోతే ఎండకు వెలిసిపోతుందన్న ఆలోచనతో డబ్ల్యూపీసీని, అంటే చెక్కపొడినీ ప్లాస్టిక్‌నూ కలిపి తయారుచేసే పలకలను ఎంచుకున్నాము. సుమారు 400 చదరపు అడుగులు, ఫిట్టింగుతో కలిపి అడుగుకు 380 రూపాయలు. మార్చిలో పని పూర్తయింది. మే నెల ఎండలకు పిట్టగోడ పక్కన పలకలు పైకి లేచాయి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడగానే కింది పడకగది సీలింగుకు చెమ్మ దిగింది.

లేచిన మూలలో ఒక పలకను విప్పించి, చివరనున్న మూత తీసి చూసినప్పుడు అసలు సంగతి బయటపడింది. షోరూములో ఇచ్చిన శాంపిల్ లోపల ఎక్కడా ఖాళీ లేని గట్టి పలక. దాన్ని కోసిన చోట చూస్తే చుట్టూ పలుచటి ప్లాస్టిక్ పొర ఒక రంగులో, లోపలి భాగం మరో రంగులో స్పష్టంగా కనిపిస్తాయి. ఎండకు వెలిసిపోకుండా, మరకలు పడకుండా, తేమ లోపలికి దిగకుండా కాపాడేది ఆ పొరే. అంత ధర పెట్టడానికి కారణమూ అదే. మా డాబా మీద పరిచినవి మాత్రం లోపల వరుసగా గుండ్రటి రంధ్రాలున్న డొల్ల పలకలు, పొర అన్నదే లేదు. మూత ఊడగానే ఆ రంధ్రాల్లోంచి వాననీళ్ళు ధారగా కారాయి. పైనుంచి చూస్తే రెండిటికీ ఒకే రంగు, ఒకే చెక్కగీతలు, పైగా చివరలన్నీ మూతలతో మూసి ఉన్నాయి కాబట్టి ఊడదీస్తే తప్ప తేడా తెలుసుకునే వీలే లేదు.

ఊడిన ముక్కనూ, మా దగ్గరున్న శాంపిల్‌నూ పట్టుకుని నేనూ నా భార్యా మొన్న షోరూముకు వెళ్ళాము. బేరం కుదిరేవరకు "అన్నగారూ, వదినగారూ" అంటూ టీ తెప్పించిన యజమాని ఈసారి కూర్చోమని కూడా అనలేదు. "ఆ శాంపిల్ ఇలా ఇవ్వండి సార్, చూస్తాను" అన్నాడు. ఇచ్చాము. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, టేబుల్ సొరుగు లాగి, అందులో పడేసి, తాళం వేశాడు. తరువాత నా ముఖంలోకి చూస్తూ "ఏ శాంపిల్ సార్? బిల్లులో డబ్ల్యూపీసీ డెక్కింగ్ అని ఉంది, మేము వేసిందీ డబ్ల్యూపీసీయే కదా" అన్నాడు. నా భార్య "అది మీరు మాకిచ్చిన ముక్క, తిరిగి ఇవ్వండి" అని గట్టిగా అడిగితే, "షోరూము వస్తువు షోరూములో ఉంది మేడమ్, ఇంకేమైనా పని ఉంటే చెప్పండి" అని సమాధానం. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. సరుకు మార్చడం ఒక మోసమైతే, మా చేతిలోని సాక్ష్యాన్ని మా కళ్ళెదుటే లాక్కుని లేదనడం పట్టపగటి దొంగతనం. లక్షన్నర రూపాయలు పోయిన బాధ కంటే, నిజం మా వైపు ఉండి కూడా ఆ నవ్వుల మధ్య నిలబడవలసి వచ్చినందుకు నాకు ఎక్కువ కోపంగా ఉంది.

పలకలు లేవడం ఎండకు సహజమేనని కూడా అతను చెప్పాడు. అది అబద్ధం. ఈ పలకలు వేడికి పొడవునా కొన్ని మిల్లీమీటర్లు సాగుతాయన్నది తయారీదారులందరికీ తెలుసు, అందుకే చివరలకు చివరలకు మధ్య, గోడకూ పలకకూ మధ్య ఎంత ఖాళీ వదలాలో ఫిట్టింగు సూచనల్లోనే రాస్తారు. మా ఇంట్లో పలకలను పిట్టగోడకు ఆనించి బిగించారు. సాగే చోటు లేక అవి పైకి లేచాయి. చెమ్మ సంగతి అడిగితే "మీ స్లాబే బాగాలేదు" అన్నాడు. కింద ఫ్రేము నిలబెట్టడానికి వాటర్‌ప్రూఫింగ్ పూతను చీల్చుకుంటూ స్లాబులోకి డ్రిల్లు వేసింది ఆయన మనుషులే. ఫ్రేము కడ్డీలను నీరు పారే వాలుకు అడ్డంగా, స్లాబుకు అంటించి పరచడంతో వాననీరు పైపు దాకా పోకుండా ఆ రంధ్రాల చుట్టూనే నిలిచింది. రబ్బరు దిమ్మలో, ఎత్తు సర్దుకునే కాళ్ళో పెట్టి ఫ్రేమును లేపితే స్లాబుకు ఒక్క రంధ్రం కూడా అవసరం ఉండదు.

బేరమాడేటప్పుడు అతనే వాట్సాప్‌లో పంపిన శాంపిల్ ఫొటో, కింద రాసిన ధర మా ఫోనులో భద్రంగా ఉన్నాయి. వాటితో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళుతున్నాము. 2019 నాటి చట్టం ప్రకారం సమస్య తలెత్తినప్పటి నుంచి 2 ఏళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు ఉండదు. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

కొనబోయేవారు కొటేషనులో డబ్ల్యూపీసీ అన్న ఒక్క మాటతో సరిపెట్టనివ్వకండి. గట్టి పలకా డొల్ల పలకా, పైపొర ఉందా లేదా, మందం ఎంత, స్లాబుకు డ్రిల్లు వేస్తారా లేదా అన్నవన్నీ రాయించండి. శాంపిల్ వెనుక అమ్మినవారి సంతకం పెట్టించి ఇంట్లోనే ఉంచండి, బయటికి తీసుకువెళ్ళేది ఫొటో మాత్రమే. అదే షోరూములో ఇప్పటికే ఆర్డరు ఇచ్చినవారు లారీ నుంచి సరుకు దించకముందే రెండు మూడు పలకల మూతలు తీయించి చూడండి, రంధ్రాలు కనిపిస్తే సంతకం చేయకుండా అదే లారీలో వెనక్కి పంపండి.